బడి ఇంటికి పంపే సగం పని

ఐదో తరగతి పిల్లాడికి బడిలో ఒక పని చెప్పారు. సోమవారం కల్లా సౌర కుటుంబం మోడల్ చేసుకుని రావాలి. ఇది వినగానే మీకు ఏం గుర్తొచ్చిందో చెబితే మీరు ఎలాంటి ఇంట్లో పెరిగారో దాదాపుగా చెప్పేయొచ్చు. కొందరికి ఆదివారం మధ్యాహ్నం గుర్తొస్తుంది. హాల్లో పరిచిన పాత పేపర్లు, థర్మకోల్ షీటు, రంగుల డబ్బాలు, పిల్లాడి కంటే ఎక్కువ చెమటోడుస్తున్న నాన్న. ఇంకొందరికి జిరాక్స్ షాపు గుర్తొస్తుంది. పది రూపాయల కలర్ ప్రింటు, ఒక చార్టు, అతికించడానికి అన్నం మెతుకులు. సోమవారం సార్ రెండింటికీ మార్కులు వేస్తాడు. మొదటిదానికి పది, రెండోదానికి నాలుగు.

ఆ ఆరు మార్కులు ఎవరివి? పిల్లలవైతే కాదు.

మా ఇంట్లో అమ్మ బీడీలు చుట్టేది, నాన్నది సెంట్రింగ్ పని. నిజామాబాద్ వైపు పల్లె. సాయంత్రమైతే మా వాడలో ఏ అరుగు మీద చూసినా చాటలో జర్దా, పక్కన తడిపిన తునికాకు, కత్తెర, దారపు ఉండ. తెల్లారి కార్ఖానాలో బీడీలు అప్పజెప్పాలి కాబట్టి చివర్లు మడిచే పని పిల్లల మీద పడేది. హోంవర్క్ ఆ తర్వాతే. ఏదైనా అర్థం కాక అడిగితే అమ్మ "నాకేం తెలుస్తది బిడ్డా, మీ సారు చెప్పినట్టు రాయి" అనేది. సారు చెప్పింది అర్థం కాకే కదా అమ్మను అడిగింది!

కార్మికుల పిల్లలు చదువులో ఎందుకు వెనకబడతారంటే మనకు అలవాటైన జవాబులు మూడున్నాయి. డబ్బు లేదు, తల్లిదండ్రులకు పట్టింపు లేదు, సర్కారు బడులు బాగాలేవు. డబ్బు సంగతి, బడుల సంగతి కొంతవరకు నిజమే. పట్టింపు సంగతి తర్వాత చూద్దాం. ఈ మూడూ తీరిపోయినా మిగిలే చిక్కు ఒకటుంది. మన బడి పగలు సగం పని చేసి, తక్కిన సగం సాయంత్రం ఇంటికి పంపిస్తుంది. ఎక్కాలు ఒప్పజెప్పించుకోవడం, డిక్టేషన్, ప్రాజెక్టు, పరీక్షల ముందు దగ్గర కూర్చుని చదివించడం, పదో తరగతి తర్వాత ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పడం, ఇదంతా ఇంటి వాటా. ఇంట్లో చదువుకున్న మనిషి ఒకరు తీరిగ్గా ఉంటారని ఏ జీవోలోనూ రాయలేదు. డైరీలో పేరెంట్ సంతకం గడి దగ్గర్నుంచి ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్ల దాకా అన్నీ మాత్రం ఆ మనిషి ఉన్నాడనే లెక్క మీదే నడుస్తాయి.

ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్ద్యూ ఇలాంటిదాన్నే సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. డబ్బు, భూమి లాగే చదువు వాతావరణం, మాట తీరు, తెలిసినవాళ్లు కూడా తరం నుంచి తరానికి ఆస్తిలా చేతులు మారతాయని ఆయన వాదన. మాట బరువుగా ఉంది గానీ మన వాడల్లో దీన్ని ఎప్పట్నుంచో తేలిగ్గానే చెప్పుకుంటున్నారు. "వాళ్లింట్లో చెప్పేటోళ్లున్నరు" అంటారు. నా మటుకు ఆ మాటే బాగుంది.

పట్టింపు లేదన్న మాట

ముందు ఒక అపవాదును పక్కన పెట్టాలి. కూలి తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని, పిల్లల సంపాదన మీద ఆశతో పనికి పంపుతారని చాలాకాలం అధికారులు, టీచర్లు, పత్రికలు కూడా నమ్మాయి. దాన్ని గట్టిగా ప్రశ్నించింది రంగారెడ్డి జిల్లా పల్లెలు. అప్పట్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పే శాంతా సిన్హా, తన తాత మామిడిపూడి వెంకటరంగయ్య పేరున ఉన్న ఎం.వి. ఫౌండేషన్ తరఫున 1991 నుంచి అక్కడ బాలకార్మికులతో పని మొదలుపెట్టారు. ఆ పనికి ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి చైర్‌పర్సన్ అయ్యారు.

ఆ పల్లెల్లో బయటపడిన సంగతి చిన్నదే, కానీ చాలా నమ్మకాలను తలకిందులు చేసింది. పిల్లల్ని బడికి పంపడానికి తల్లిదండ్రులు సిద్ధంగానే ఉన్నారు, బడే సిద్ధంగా లేదు. తొమ్మిదేళ్ల పిల్ల గొర్రెల దగ్గర్నుంచి వచ్చి బడి గుమ్మంలో నిలబడితే ఏ తరగతిలో కూర్చోబెట్టాలి? ఒకటో తరగతిలో కూర్చోబెడితే తనకంటే పొట్టి పిల్లల మధ్య సిగ్గుతో చచ్చిపోతుంది. నాలుగో తరగతిలో అయితే ఒక్క అక్షరం రాదు. దానికి తోడు పుట్టిన తేదీ కాగితం తెమ్మంటారు, టీసీ తెమ్మంటారు, అడ్మిషన్లు జూన్‌లోనే అయిపోయాయంటారు. ఈ కాగితాల దగ్గరే చాలామంది తల్లులు వెనక్కి తిరిగిపోయేవాళ్లు. బయటినుంచి చూసేవాళ్లకు అది పట్టింపు లేకపోవడంలా కనిపించేది.

ఎం.వి. ఫౌండేషన్ ఇందుకు బ్రిడ్జి క్యాంపులు పెట్టింది. పిల్లలు కొన్ని నెలలు అక్కడే ఉండి, అక్కడే తిని, వయసుకు తగిన తరగతికి సరిపడా చదువు అందుకుని నేరుగా ఆ తరగతిలో చేరతారు. ఇంటికి వదిలేసిన పనిని క్యాంపు తన మీద వేసుకుంది, పిల్లలు నిలబడ్డారు. పేదరికం పోలేదు, కూలి రేటు పెరగలేదు. అయినా లక్షల మంది పిల్లలు పనిలోంచి బడిలోకి వచ్చారు. పేదరికం పోతే గానీ పిల్లలు చదవరని ఇప్పటికీ వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను చూపించేది ఈ అనుభవమే.

ప్రైవేటు బడి, పసుపు రంగు వ్యాను

పట్టింపుకు ఇప్పటి గుర్తు ప్రైవేటు బడి. అడ్డా మీద నిలబడే మేస్త్రీ, ఇళ్లల్లో పనిచేసే అమ్మ, ఆటో నడిపే అన్న, ఎవరికి నాలుగు రూపాయలు మిగిలినా ముందు చేసే పని పిల్లను పసుపు వ్యాను ఎక్కించడమే. టై, బెల్టు, షూ, ఏడాదికి పుస్తకాల ఖర్చు వేరే. చీటీ పాడి మరీ ఫీజు కడతారు. ఈ ఖర్చుకు దక్కేది ఎంత?

దీనికి జవాబు వెతికిన అధ్యయనం మన దగ్గరే జరిగింది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో 180 ఊళ్లలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. సర్కారు బడి పిల్లల తల్లిదండ్రుల్లో ప్రైవేటుకు మారడానికి ఇష్టపడ్డవాళ్ల దరఖాస్తులు తీసుకుని లాటరీ వేశారు. లాటరీ తగిలిన పిల్లల ఫీజు ప్రాజెక్టు కట్టింది. తగలనివాళ్లు చాలావరకు పాత బడిలోనే ఉన్నారు. ఇద్దరి ఇళ్లూ ఒకలాంటివే, ఇద్దరి తల్లిదండ్రులకూ ఒకే కోరిక, తేడా అల్లా చీటీలో వచ్చిన అదృష్టమే.

రెండేళ్ల తర్వాత, మళ్లీ నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెట్టారు. తెలుగులో తేడా లేదు, లెక్కల్లో లేదు, ఇంగ్లీషులో లేదు, సైన్సు, సోషల్‌లో లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడిలో అప్పట్లో హిందీ అసలు చెప్పేవాళ్లే కాదు. ప్రైవేటు బడుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. అవి తెలుగు, లెక్కలకు సర్కారు బడి కంటే తక్కువ గంటలు కేటాయించి కూడా అదే ఫలితం తెచ్చాయి, ఒక్కో పిల్లాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అంత చవగ్గా ఎలా నడుస్తాయంటే, అక్కడి టీచర్ల జీతాలు చూస్తే తెలుస్తుంది. డిగ్రీ, బీఈడీ చేసి ఆ జీతానికి పనిచేసే అమ్మాయిల్లో చాలామంది మళ్లీ ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే.

మామూలుగా ఏ పరీక్ష పెట్టినా ప్రైవేటు పిల్లలు సర్కారు పిల్లల కంటే చాలా ముందుంటారు గదా, మరి లాటరీ పిల్లల్లో ఆ తేడా ఎక్కడికి పోయింది? బయట మనకు కనిపించే తేడాలో ఎక్కువ భాగం బడి తెచ్చింది కాదు. పిల్లలు ఇంటి నుంచి వెంటబెట్టుకుని వచ్చింది. కాస్త చదువుకున్న, కాస్త సంపాదన ఉన్న ఇళ్ల పిల్లలు ప్రైవేటులో ఎక్కువ, వాళ్లకు మార్కులూ ఎక్కువ. ఆ మార్కుల బోర్డు చూసి బీడీ కార్మికురాలు అప్పు చేసి పిల్లను అక్కడ వేస్తుంది. కొనుక్కుంది బడిని, కానీ ఆ మార్కులు వచ్చింది పక్కింటి నాన్న ఆదివారాల వల్ల. దీనర్థం ఆమె తెలివితక్కువదని కాదు. క్రమశిక్షణ, రోజూ టీచర్ వస్తుందన్న భరోసా, నలుగురిలో మర్యాద ఆమెకు నిజంగానే దక్కుతాయి. ప్రైవేటులో వేస్తేనే బతుకు మారుతుందని ఆమెకు నమ్మబలికే ప్రకటనలకు మాత్రం ఈ లెక్క నచ్చదు.

విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బడుగు వర్గాల పిల్లలకు ఇవ్వాలంది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఆ 25 శాతం మాట ఏళ్ల తరబడి కాగితం దాటలేదు.

ఇంగ్లీషు మీడియం గొడవలో ఎవరి మాట వినాలి

2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ జీవోలు 81, 85 ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల్ని అడిగితే 96 శాతం మంది ఇంగ్లీషు మీడియమే కావాలన్నారని ప్రకటించింది. తెలంగాణ 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా అదే దారి పట్టింది.

ఈ గొడవ టీవీల్లో జరిగినప్పుడు నాకు ఒకటే నవ్వొచ్చేది. తెలుగు మీడియం కావాలని గొంతు చించుకునేవాళ్లలో తమ పిల్లల్ని తెలుగు మీడియంలో చదివించినవాళ్లు ఎందరు? వాళ్ల మీద కోపం కూలి తల్లులకు న్యాయంగానే ఉంది. ఇంగ్లీషు వాళ్లకు భాష కంటే ముందు ఒక గేటు. ఆ గేటు దగ్గర కాపలావాడు తమ పిల్లల్నే ఆపుతాడని వాళ్లకు తెలుసు.

అయితే పిల్లల వైపు నుంచి చూస్తే లెక్క మళ్లీ ఇంటి దగ్గరికే వస్తుంది. ఇంట్లో ఇంగ్లీషు వినిపించే పిల్లకు ఇంగ్లీషు మీడియం రెండో ఊతం. వినిపించని పిల్లకు తెలుగులో కూడా తనకు చెప్పలేని అమ్మ ఇప్పుడు పుస్తకంలో బొమ్మలు తప్ప ఇంకేం చదవలేదు. సాయంత్రం సగం మరింత బరువెక్కుతుంది. పైన చెప్పిన లాటరీ అధ్యయనంలోనే, తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి మారిన పిల్లలు తక్కిన సబ్జెక్టుల్లో నష్టపోయి ఉండొచ్చన్న సూచన ఉంది. గట్టి రుజువు కాదు గానీ, కొట్టిపారేయాల్సిందీ కాదు. రెండు రాష్ట్రాల్లోనూ తర్వాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వేశారు. ఈ మొత్తం వాదనలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోని మంచి పని అదే. ఏడో తరగతి చదివి ఆపేసిన అక్క కూడా ఎడమ పేజీ అర్థం కాకపోతే కుడి పేజీ చూసి తమ్ముడికి చెప్పగలదు.

గురుకులం ఎందుకు పనిచేసింది

1971లో పి.వి. నరసింహారావు హయాంలో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. ఆ తర్వాత గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి వచ్చాయి. 1980ల్లో ఎస్సీ పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు మొదలయ్యాయి. తెలంగాణ వచ్చాక బీసీ, మైనారిటీ గురుకులాలు వందల్లో పెరిగాయి. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె సంక్షేమ గురుకులం విద్యార్థిని. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు.

గురుకులాల ఫలితాలు చూసి చాలామంది భవనాలనూ టీచర్లనూ మెచ్చుకుంటారు. గట్టి కారణం నాకు టైమ్‌టేబుల్లో కనిపిస్తుంది. పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి భోజనం తర్వాత ఇంకో గంట, ప్రతి గంటకూ ఒక టీచర్ దగ్గరే. ఇంటికి పంపడానికి అక్కడ పని మిగలదు, పంపడానికి ఇల్లు దగ్గర లేదు కాబట్టి. పిల్లలందరికీ ఒకే ట్యూబ్‌లైటు, ఒకే బల్ల, డౌటు అడిగితే చెప్పే మనిషి ఒకరే. ఇళ్ల మధ్య తేడాను గురుకులం చెరపలేదు, పదినెలల పాటు గేటు బయట నిలబెట్టింది.

దీనికి పిల్లలు కట్టే మూల్యం కూడా చూడాలి. పదేళ్ల పిల్లను ఇల్లు, తల్లి, తమ వాడ భాష నుంచి విడదీస్తేనే గానీ చదువు రాదంటే అది బడి గురించి మంచి మాటేం కాదు. 2024లో తెలంగాణ హాస్టళ్లలో భోజనం వికటించి పిల్లలు ఆస్పత్రుల పాలైన వార్తలు వరుసగా వచ్చాయి. ఇంకో తేడా కూడా ఉంది. సీటు చాలావరకు ప్రవేశ పరీక్షతోనే దొరుకుతుంది. ఆ పరీక్షకు అప్లై చేయించాలని తెలిసిన టీచరో, పక్కింటి అన్నో లేని పిల్ల గురుకులం గేటు దాకా కూడా రాదు. ఇంటికి పంపిన పని ఇక్కడా ఒక చిన్న ముక్క మిగిలే ఉంది.

దసరా సెలవులకు ఇంటికి వచ్చిన గురుకులం పిల్లల్ని గమనించండి. ముందు రెండు రోజులు మాట కాస్త పుస్తకం భాషలా ఉంటుంది. మూడో రోజుకు మళ్లీ చాట ముందు కూర్చుని బీడీల చివర్లు మడుస్తూ ఇంటి మాటలో పడతారు. ఈ రెండు భాషల మధ్య ఇటూ అటూ నడవడం వాళ్లకు వచ్చినంత బాగా మధ్యతరగతి పిల్లలకు రాదు. దానికి ఏ పరీక్షలోనూ మార్కులు లేవు.

ర్యాంకు, ఆప్షన్లు, ఆదాయ ధ్రువీకరణ

పదో తరగతి దాటాక ఫీజు కంటే దారి తెలియకపోవడమే ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచే ఉంది. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు, ఇతర పేదలకు పెంచింది. కొన్నేళ్లలోనే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఆరు వందలు దాటాయి. ఈ పథకాన్ని తిట్టేవాళ్లు కాలేజీ యాజమాన్యాలు బాగుపడ్డాయంటారు. నిజమే. మెచ్చుకునేవాళ్లు హమాలీ కొడుకు అమెరికా వెళ్లాడంటారు. అదీ నిజమే, మా వాడలోనే ఒకడున్నాడు.

పథకం ఫీజు కట్టింది. ఏ కాలేజీలో చేరాలో చెప్పే మనిషిని మాత్రం ఇవ్వలేదు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, జనం నోట ఇంకా ఎంసెట్టే) ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టాలి. కంప్యూటర్ మీరు పెట్టిన వరస ప్రకారం పై నుంచి చూసుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకు దొరికే మొదటి సీటు ఇచ్చేస్తుంది. అంటే మంచి కాలేజీ సీటు వచ్చే ర్యాంకు ఉన్నా, ఇంటికి దగ్గర అని మామూలు కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెడితే ఆ మామూలు కాలేజీయే వస్తుంది. ఇది తెలిసిన ఇళ్లలో గత ఏడాది కటాఫ్‌లు ప్రింటు తీసి, బంధువుల్లో ఇంజినీర్‌కు ఫోన్ చేసి, వంద ఆప్షన్లు వరసలో పేరుస్తారు. తెలియని ఇంటి పిల్లాడు ఇంటర్నెట్ సెంటర్‌లో నలభై రూపాయలిచ్చి, అక్కడ కూర్చున్న కుర్రాడు చెప్పిన ఐదారు పేర్లు పెట్టి వచ్చేస్తాడు. ఆ కుర్రాడికి ఏ కాలేజీ పీఆర్‌ఓ కమిషన్ ఇస్తున్నాడో వీడికి తెలియదు. ఒక సాయంత్రం, నలభై రూపాయలు, నాలుగేళ్ల చదువు.

తెలంగాణలో ఇంకో చిక్కు ఉంది. బీసీ విద్యార్థుల్లో పది వేల లోపు ర్యాంకు వచ్చినవాళ్లకు పూర్తి ఫీజు, దాటినవాళ్లలో చాలామందికి ఏడాదికి 35 వేలు. పైన మిగిలింది ఇంటివాళ్లు కట్టుకోవాలి. పది వేల లోపు ర్యాంకు ఎవరికి వస్తుంది? ఇంటర్ రెండేళ్లు లక్షలు పోసి కోచింగ్ ఇప్పించుకున్నవాళ్లకే ఎక్కువగా. సర్కారు జూనియర్ కాలేజీలో చదివి ముప్పై వేల ర్యాంకు తెచ్చుకున్న మేస్త్రీ కూతురు నిజానికి ఎక్కువ ఈదింది, ఆమెకే సాయం తక్కువ. ప్రతిభకు ప్రోత్సాహం అని ఈ నిబంధనను సమర్థించేవాళ్లను ఒక్కరోజు ఆ అమ్మాయి చదివే ఇల్లు చూసి రమ్మనాలి.

ఆదాయ ధ్రువీకరణ పత్రం సంగతి ఒక పక్క కథ. తెలంగాణలో బీసీలకు పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు. ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుడికి పేస్లిప్ ఉంటుంది, ఓవర్‌టైమ్ కలిపితే గీత దాటుతాడు. దుకాణం నడిపే షావుకారుకు పేస్లిప్ ఉండదు, మీసేవలో దరఖాస్తు పెడితే గీత కిందే ఉంటాడు. కష్టం లెక్కల్లో కనిపించేవాడే నష్టపోయే చిత్రం ఇది.

ఇక రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే భారం నేరుగా పిల్లల మీద పడుతుంది. కాలేజీలు సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటాయి. ఉద్యోగం వచ్చి చేరాల్సిన రోజు టీసీ కోసం ప్రిన్సిపాల్ గది ముందు నిలబడ్డ నాన్నల్ని నేను చూశాను. 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పాటించాయి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య బాకీ, తాకట్టులో మాత్రం పిల్లల కాగితాలు.

అడగడం

చెప్పాల్సినవాటిలో కొలతకు అందనిది ఒకటుంది. మా అమ్మ నన్ను బడికి పంపుతూ రోజూ చెప్పిన మాట, "సారుకు ఎదురు మాట్లాడకు." కార్ఖానాలో సేటుకు, సైటులో మేస్త్రీకి, ఆఫీసులో క్లర్కుకు ఎదురు మాట్లాడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అది బతకనేర్చిన తెలివి. కానీ అదే తెలివితో క్లాసులో కూర్చున్న పిల్లాడు డౌటు అడగడు. పక్క బెంచీలో బ్యాంకు ఉద్యోగి కొడుకు "సార్, ఇంకోసారి చెప్పండి" అంటాడు. ఇంట్లో అలా అడగడం వాడికి అలవాటు. సార్ వాడిని చురుకైనవాడంటాడు, వీడిని మొద్దు అంటాడు. నాలుగైదేళ్లకు ఇద్దరూ అది నిజమేనని నమ్మేస్తారు.

ఇక్కడ కులం మాట ఎత్తకపోతే అబద్ధం చెప్పినట్టే. మన దగ్గర కూలి చేసే వర్గం, కింద అని చూసే కులం చాలావరకు ఒకే ఇళ్లలో ఉంటాయి. బెంచీ వెనక ఎందుకు కూర్చోబెట్టారో, డౌటు అడిగితే ఎందుకు కసిరారో విడదీసి చెప్పడం చాలాసార్లు ఆ పిల్లలకే సాధ్యం కాదు. కూలి ఇంట్లో పుట్టిన పై కులం పిల్లాడికి కష్టం లేదని కాదు. వాడిని కనీసం పంతులు పేరు పెట్టి పిలుస్తాడు.

విచిత్రం ఏమిటంటే ఈ సాయంత్రం సగం గురించి మన విద్యాశాఖలకు పూర్తిగా తెలుసు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడగానే జనవరి నుంచి సర్కారు హైస్కూళ్లలో ప్రత్యేక తరగతులు పెడతారు. పొద్దున గంట, సాయంత్రం గంట. పిల్లలు ఆకలితో ఉంటారని సాయంత్రం గుగ్గిళ్లో, బిస్కెట్లో ఇస్తారు. చదువు ఆపేసేలా ఉన్న పిల్లల ఇళ్లకు టీచర్లు వెళ్తారు, వెనకబడ్డవాళ్లను దత్తత తీసుకుంటారు. ఇంటి సగాన్ని బడి వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో ఆ రెండు మూడు నెలల్లో అందరూ చూస్తారు, ఉత్తీర్ణత శాతం పెరుగుతుంది, కలెక్టర్ అభినందిస్తాడు.

పదో తరగతికే ఎందుకంటే, ఆ శాతమే పేపర్లో వస్తుంది. అదే బడి ఆవరణలో, కాస్త అవతలి గదిలో మూడో తరగతి పిల్లలు ఉంటారు. వాళ్లలో చాలామందికి రెండో తరగతి వాచకం గడగడా చదవడం రాదు. నాలుగు దాటగానే బెల్లు కొట్టి, హోంవర్క్ రాయించి, వాళ్లను ఇంటికి పంపించేస్తారు. మార్చి, ఏప్రిల్‌లో పెద్ద పరీక్షలు అయిపోయాక పదో తరగతి గదికీ సాయంత్రం తాళం పడుతుంది. మళ్లీ తీసేది వచ్చే జనవరిలో.